సాల్ట్ లేక్ దేవాలయం: గోడలు చెప్పేదీ, గదులు చెప్పేదీ

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

అమెరికాలోని యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్ లేక్ సిటీ నడిమధ్యన, ఆరు శిఖరాలతో బూడిద రంగు రాతి కట్టడం ఒకటి ఉంది. కొన్నేళ్ళ కిందట ఆ ఊరు వెళ్ళినప్పుడు దాని ఎదుట నిలబడి చాలాసేపు చూశాను. చూడవచ్చినవాళ్ళందరి కళ్ళూ తూర్పు శిఖరం కొసన బూర ఊదుతున్న బంగారు పూత దేవదూత మీదికే పోతాయి. నేను కట్టడాల బలాబలాలు లెక్కకట్టే వృత్తిలో బతికినవాణ్ణి కాబట్టి నా చూపు కిటికీల మీద పడింది. పొడవాటి కమాను కిటికీల వరుస ఒకటి, దాని మీద అండాకారపు చిన్న కిటికీల వరుస, మళ్ళీ కమాను కిటికీలు, మళ్ళీ అండాకారపువి. బయటి కిటికీలు చూసి లోపలి అంతస్తులు చెప్పేయగలమని మా వృత్తివాళ్ళకు ఒక ధీమా ఉంటుంది. ఆ ధీమాతోనే నేనూ లెక్క వేసుకున్నాను. తరువాత లోపలి పటాలు చూస్తే నా లెక్క తప్పింది. ఆ తప్పుకు కారణం వెతుక్కుంటూ పోగా పోగా చేరిన సమాచారమే ఈనాటి ప్రసంగం.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. మార్మన్లు అని లోకం పిలిచే ఈ మతశాఖ అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం. జోసెఫ్ స్మిత్ అనే యువకుడు 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో దీన్ని స్థాపించాడు. ‘మార్మన్’ అన్న వాడుక మాటను మానుకొని పూర్తి పేరే వాడమని 2018లో సంఘాధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారు. అయితే చరిత్ర గ్రంథాలలోనూ జనం నోటా పాత మాటే ఉంది గనుక నేను రెండూ వాడతాను. ఇక దేవాలయం అన్న మాట. మన తెలుగు క్రైస్తవులు ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్ళే కట్టడాన్ని చర్చి అనో మందిరం అనో అంటారు. మార్మన్లకు కూడా అలాంటి సాధారణ ఆరాధన మందిరాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలోకి ఎవరైనా వెళ్ళవచ్చు. దేవాలయం వేరు. అది ఆదివారం మూసి ఉంటుంది. అందులో వారం వారం ప్రసంగాలు ఉండవు. నియమబద్ధంగా జీవిస్తున్నానని స్థానిక పెద్దల ఎదుట చెప్పి అనుమతి పత్రం పొందిన సభ్యులే లోపలికి వెళతారు, వెళ్ళి తెల్లని బట్టలు కట్టుకుంటారు, కొన్ని ప్రత్యేక సంస్కారాలు జరుపుకుంటారు. గర్భగుడిలోకి అర్చకులు తప్ప అన్యులు పోని సంప్రదాయం ఎరిగిన మనకు ఈ కట్టుబాటు వింతగా తోచనక్కరలేదు. ఇక్కడ గర్భగుడి కాదు, గుడి మొత్తానికీ ఆ నియమం వర్తిస్తుంది, అంతే తేడా. నేను సభ్యుణ్ణి కాను గనుక లోపలికి వెళ్ళలేదు. లోపలి సంగతులు నేను చెప్పేవన్నీ ప్రచురితమైన పటాలూ, ఛాయాచిత్రాలూ, ఆ సంఘం వారే బహిరంగంగా చెప్పుకున్న వివరాలూ ఆధారంగా చెప్పేవే.

ఈ కట్టడానికి ముందు రెండు దేవాలయాలున్నాయి. వాటిని చూడకుండా దీన్ని చదవలేము. మొదటిది ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో 1836 మార్చి 27న ప్రతిష్ఠించినది. చిన్న కట్టడం. లోపల ఒకదాని మీద ఒకటి రెండు పెద్ద సభామండపాలు, ప్రతి మండపానికీ రెండు కొసలా వేదికలు. ఆ సంఘంలో యాజకత్వం, అంటే సంస్కారాలు జరిపే అధికారం, రెండు శ్రేణులు: ఒక కొస పెద్దదైన మెల్కీసెదెకు యాజకత్వానికి, మరో కొస చిన్నదైన అహరోను యాజకత్వానికి. కూర్చున్నవాళ్ళు ఏ వేదిక వైపుకైనా తిరిగి కూర్చునేందుకు వీలుగా బల్లలను అటూ ఇటూ జరిపే ఏర్పాటు చేశారు. అంటే అది ప్రధానంగా సభ తీరే ఇల్లు, బోధించే ఇల్లు. రెండోది ఇల్లినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నావూలో సున్నపురాతితో కట్టినది. దానికీ పైన ఒకటి కింద ఒకటిగా సభామండపాలే. మండపాల పైకప్పులు కమాను ఆకారంలో వంగడం వల్ల వంపుకూ బయటి గోడకూ మధ్య రెండు పక్కలా సందులాంటి ఖాళీ మిగులుతుంది. అక్కడ చిన్న చిన్న గదులు, ఆ గదులకు వెలుతురు ఇచ్చేందుకు గుండ్రటి కిటికీలు. ఈ గుండ్రటి కిటికీని గుర్తుపెట్టుకోండి.

నావూలోనే మార్మన్ దేవాలయపు స్వభావం మారింది. చనిపోయిన బంధువుల పేరిట బతికున్నవారు బాప్తిస్మం పొందే ఆచారం అక్కడే మొదలైంది. అందుకోసం నేలమాళిగలో పన్నెండు ఎడ్ల బొమ్మల వీపుల మీద నిలిపిన తొట్టిని కట్టారు. సొలొమోను కట్టించిన మందిరంలో పన్నెండు ఎడ్ల మీద నిలిచిన ‘పోత సముద్రం’ అనే పెద్ద నీటి తొట్టి దానికి ఒరవడి. లోక సృష్టి మొదలు ఆదాము హవ్వల పతనం మీదుగా మనిషి తిరిగి దేవుని సన్నిధికి చేరే ప్రయాణాన్ని అభినయించి చూపుతూ, నడుమ నడుమ ప్రమాణాలు చేయించే ఎండోమెంట్ అనే సంస్కారాన్ని జోసెఫ్ స్మిత్ 1842లో కొద్దిమందికి పరిచయం చేశాడు. అదే ఏడాది అతడు రహస్య ఆచారాలు గల సోదర సంఘమైన ఫ్రీమేసన్లలో చేరాడు. ఈ సంస్కారంలోని కొన్ని రూపాలకూ మేసన్ల ఆచారాలకూ ఉన్న పోలికల మీద చరిత్రకారులు చాలా రాశారు. నాకు ఆ చర్చకన్నా మరో విషయం ముఖ్యమనిపిస్తుంది: సభ కోసం రూపొందిన కట్టడంలోకి ఒక ప్రయాణం వచ్చి చేరింది. సభకు ఒకే పెద్ద మండపం చాలు. ప్రయాణానికి గది తరువాత గది కావాలి. నావూలో ఆ అవసరాన్ని అటకలాంటి పై అంతస్తును తెరలతో గదులుగా విడదీసి గడిపారు. 1845-46 చలికాలంలో, ఊరు విడిచిపోవలసి వస్తుందని తెలిసి, రాత్రింబవళ్ళు అక్కడ ఐదు వేల మందికి పైగా ఆ సంస్కారం పొందారు. అప్పటికి జోసెఫ్ స్మిత్ లేడు. 1844 జూన్ 27న కార్తేజ్ పట్టణపు జైలులో మూక చేతిలో హతుడయ్యాడు. జనం పడమటికి వెళ్ళిపోయాక 1848లో ఎవరో ఆ దేవాలయానికి నిప్పు పెట్టారు, 1850లో సుడిగాలి మిగిలిన గోడలను కూల్చింది.

బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో వలస వచ్చినవారు 1847 జులై 24న గ్రేట్ సాల్ట్ లేక్ లోయలోకి దిగారు. నాలుగు రోజుల తరువాత, జులై 28న, ఆయన ఒక చోట చేతికర్ర ఆనించి దేవాలయం ఇక్కడ అన్నాడు. ఇల్లు లేదు, పంట లేదు, ఊరు లేదు. గుడి స్థలం మాత్రం ఉంది. మన పల్లెల్లో ఊరు కట్టేటప్పుడు బొడ్డురాయి వేసినట్టుగా ఆ స్థలమే ఊరికి కొలతలన్నిటికీ మూలబిందువైంది. మొదట నలభై ఎకరాలనుకున్నది పది ఎకరాలకు కుదించారు. 132 అడుగుల వెడల్పు వీధులు ఆ చతురస్రం నుంచి నాలుగు దిక్కులకూ గళ్ళుగళ్ళుగా సాగాయి. ఈనాటికీ ఆ ఊళ్ళో చిరునామా అంటే దేవాలయ స్థలం నుంచి తూర్పుకు ఇంత, దక్షిణానికి ఇంత అని లెక్కే. కొండల మీద యెహోవా మందిర పర్వతం స్థిరపడుతుందన్న యెషయా ప్రవచనం తమ విషయంలోనే నెరవేరుతోందని వాళ్ళు గట్టిగా నమ్మారు. ఊరికి తూర్పున వాసాచ్ పర్వతాలు అంత దగ్గరగా నిలబడి ఉంటే నమ్మకం కలగడం సహజమే.

దేనితో కట్టాలన్నది పెద్ద వాదమే అయింది. 1852 అక్టోబరు మహాసభలో బ్రిగమ్ యంగ్ పచ్చి ఇటుకలను సమర్థించాడు. గులకరాళ్ళు కలిపి చేసిన మట్టి ఇటుక ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి రాయిగా మారుతుందనీ, రాయి మాత్రం కాలంతో పాటు క్షీణిస్తుందనీ ఆయన వాదన. వినడానికి గడుసుగా ఉంటుంది గానీ, మట్టిగోడ మీద రెండు వందల అడుగుల శిఖరం నిలపమంటే ఏ మేస్త్రీ ఒప్పుకుంటాడు? చివరికి రాయి మీదికే మొగ్గారు. 1853 ఫిబ్రవరి 14న భూమిపూజలాంటి తంతుతో తవ్వకం మొదలుపెట్టి, ఏప్రిల్ 6న మూలరాళ్ళు వేశారు. మొదట దగ్గరలోని రెడ్ బ్యూట్ లోయ ఇసుకరాయితో పునాది లేచింది. పునాది అడుగున వెడల్పు 16 అడుగులు.

ప్రధాన శిల్పి ట్రూమన్ ఏంజెల్. శిల్పి అంటున్నాను గానీ ఆయన చదువుకున్న వాస్తుశిల్పి కాదు, వడ్రంగి. కర్ట్‌లాండ్‌లోనూ నావూలోనూ దేవాలయాల చెక్కపని చేసిన చేతులే ఆయనవి. ఆయన అక్క మేరీ ఆన్, బ్రిగమ్ యంగ్‌కు భార్య. విలియం వార్డ్ అనే మరో పనివాడు పటాలు గీయడంలో సాయపడ్డాడు. 1856లో ఏంజెల్‌ను యూరప్ పంపారు, అక్కడి గొప్ప కట్టడాలు చూసి రమ్మని. ఫలితం కోట గోడల్లాంటి దంతాల అంచులు, గోథిక్ పోకడ శిఖరాలు, రోమన్ కమానులు కలగలిసిన రూపం. శైలి పేరేమిటని వెతికేవారికి చిక్కదు. చెక్కపని ఎరిగినవాడు రాతిలో ఆలోచించడం నేర్చుకుంటున్న జాడ అందులో నాకు కనిపిస్తుంది. ఆరోగ్యం చెడి 1861లో తప్పుకొని, 1867లో తిరిగి వచ్చి, 1887లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. పూర్తయిన కట్టడాన్ని ఆయన చూడలేదు.

1857లో అమెరికా అధ్యక్షుడు బ్యుకానన్ యూటా మీదికి సైన్యాన్ని పంపాడు. మార్మన్లు తిరుగుబాటు చేస్తున్నారన్న అనుమానం ఒక కారణం, వాళ్ళు పాటించిన బహుభార్యాత్వం మీద దేశమంతటా రేగిన కోపం మరో కారణం. సైన్యం వస్తోందని తెలిసి, అప్పటికి నాలుగేళ్ళు చెమటోడ్చి కట్టిన పునాదిని మట్టితో పూడ్చి, పైన దున్నిన చేనులా కనిపించేట్టు చేశారు. జనం ఊరు ఖాళీ చేసి దక్షిణానికి పోయారు. 1858 జూన్ 26న సైన్యం నిర్మానుష్యమైన వీధుల గుండా నడిచి వెళ్ళిపోయింది, యుద్ధం జరగలేదు. కొన్నేళ్ళకు మట్టి తోడి చూస్తే పునాది బీటలు వారి ఉంది. బలహీనమైన పని ఉన్న చోటల్లా తీసి, మళ్ళీ గట్టి రాయితో కట్టమని 1862లో బ్రిగమ్ యంగ్ ఆదేశించాడు. క్రీస్తు రాజ్యమేలే వెయ్యేళ్ళ పాటు ఈ గోడలు నిలవాలన్నది ఆయన పట్టుదల. పదేళ్ళ పని వెనక్కి పోయింది. ఒక నాయకుడు ఊరంతటి ఎదుట తమ పని చాలలేదని ఒప్పుకొని తిరిగి మొదలుపెట్టడం తేలిక కాదు. ఇంజినీరుగా ఆ ఒక్క నిర్ణయానికి నేను ఆయనకు మార్కులు వేస్తాను.

కొత్త రాయి ఊరికి ఆగ్నేయంగా సుమారు 20 మైళ్ళ దూరంలోని లిటిల్ కాటన్‌వుడ్ లోయ నుంచి వచ్చింది. అందరూ గ్రానైట్ అంటారు. భూవిజ్ఞానులు దాన్ని క్వార్ట్జ్ మాంజొనైట్ అంటారు. కొండను తొలవలేదు. కొండ నుంచి ఎప్పుడో దొర్లి లోయ అడుగున పడి ఉన్న మహా బండలనే వరుసగా రంధ్రాలు చేసి, మేకులు దిగగొట్టి చీల్చారు. రాయిని నీటి మీద తేవాలని కాలువ పని మొదలుపెట్టారు గానీ అది ఫలించలేదు. ఎడ్లబండ్లే దిక్కయ్యాయి. నాలుగు జతల ఎడ్లు కట్టిన బండి ఒక పెద్ద రాయితో ఊరు చేరడానికి మూడు నాలుగు రోజులు పట్టేది. ఖండాంతర రైలు మార్గం 1869లో పూర్తయ్యాక, 1873లో రాతిగని దాకా ఒక శాఖ పడింది. పని వేగం అప్పుడు పుంజుకుంది. కూలీల విషయం కూడా చెప్పాలి. దశమభాగం అంటే ఆదాయంలో పదో వంతు సంఘానికి ఇవ్వడం. డబ్బు లేనివాళ్ళు పదో రోజు శ్రమగా ఇచ్చారు. రోజూ పనిచేసే రాతిపనివారికి జీతం ఎక్కువగా సంఘపు గోదాముల నుంచి ధాన్యం, బట్ట, కూరగాయల రూపంలోనే ముట్టేది. వాళ్ళలో ఇంగ్లండు నుంచి, వేల్స్ నుంచి, స్కాండినేవియా నుంచి మతం పుచ్చుకొని వలస వచ్చినవాళ్ళు చాలామంది. 1877 ఆగస్టులో బ్రిగమ్ యంగ్ చనిపోయేనాటికి, అంటే మూలరాయి వేసిన 24 ఏళ్ళకు, గోడలు నేల మీద సుమారు 20 అడుగులే లేచాయి.

గోడలు ఇప్పటి రూపంలో ఎలా ఉన్నాయో కాస్త నెమ్మదిగా చూద్దాం. కట్టడం పొడవు 186 అడుగులకు పైన, వెడల్పు 118 అడుగులకు పైన, తూర్పు మధ్య శిఖరం ఎత్తు 210 అడుగులు. గోడ మందం అడుగున 9 అడుగులు, పైకి పోయేకొద్దీ సన్నబడి 6 అడుగులు. తూర్పున మూడు శిఖరాలు, పడమట మూడు. తూర్పు మూడూ కొంచెం ఎత్తు. అవి మెల్కీసెదెకు యాజకత్వానికి, పడమటివి అహరోను యాజకత్వానికి గుర్తు; పెద్ద యాజకత్వం పెద్ద శిఖరాలు. కర్ట్‌లాండ్ మండపంలో రెండు కొసలా ఉన్న వేదికలు ఇక్కడ ఆకాశంలోకి లేచి నిలబడ్డాయన్నమాట.

గోడల చుట్టూ యాభై ఊతగోడలు నిలువుగా సాగుతాయి. ఒక్కొక్క దాని అడుగున భూగోళం చెక్కిన రాయి, నడుమ చంద్రుడు, పైన సూర్యుడు. చంద్రులన్నీ ఒకేలా ఉండవు. అమావాస్య నుంచి పున్నమి దాకా కళలన్నీ వరుసగా చెక్కారు. ఇంకా నక్షత్రాలు, మేఘాలు, కరచాలనం చేస్తున్న రెండు చేతులు, అన్నిటినీ చూసే కన్ను ఉన్నాయి. శనిగ్రహాన్ని కూడా చెక్కాలని మొదటి పటంలో ఉండేది, తరువాత వదిలేశారు. శని వద్దనుకోవడానికి మనకు తెలిసిన కారణాలు వాళ్ళకు ఉండి ఉండవులెండి. ఈ వరుసకు వెనక పౌలు కొరింథీయులకు రాసిన మాట ఉంది: “సూర్యుని మహిమ వేరు, చంద్రుని మహిమ వేరు, నక్షత్రముల మహిమ వేరు.” దాని మీద జోసెఫ్ స్మిత్ మూడు అంతస్తుల పరలోకాన్ని బోధించాడు. చూడగానే అలంకారం అనిపించేది మార్మన్ సభ్యుడికి పాఠం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పడమటి మధ్య శిఖరం మీద ఉంది. అక్కడ ఏడు నక్షత్రాలు చెక్కారు, మన సప్తర్షి మండలం. అందులో తోకకు ఎదుటి కొసనున్న రెండు చుక్కలను కలిపి గీత సాగదీస్తే ధ్రువనక్షత్రం చిక్కుతుందని మన అమ్మమ్మలు పెరట్లో చూపించినదే. దారి తప్పినవాళ్ళు యాజకత్వం సాయంతో దారి తెలుసుకుంటారన్న భావంతో పెట్టినట్టు ఏంజెల్ 1874లో రాశాడు. మైదానాలూ కొండలూ దాటి వెయ్యి మైళ్ళు నడిచి వచ్చిన జనానికి ఆ బొమ్మను విడమరచి చెప్పవలసిన అవసరం ఉండి ఉండదు.

ఇక నా కిటికీల దగ్గరికి వస్తాను. ఏంజెల్ గీసిన మొదటి పటంలో లోపల ఏముంది? నావూలో ఉన్నదే. ఒకదాని మీద ఒకటి రెండు సభామండపాలు, వంపు తిరిగిన పైకప్పులు, పక్కన చిన్న గదులు. కమాను కిటికీలు మండపాలకు, అండాకారపు కిటికీలు ఆ పక్క గదులకు. నావూలోని గుండ్రటి కిటికీ ఇక్కడ సాగి అండాకారమైంది. గోడలు ఆ పటం ప్రకారమే మెల్లగా లేస్తూ వచ్చాయి. ఈలోపు కాలం ఆగలేదు. సాల్ట్ లేక్ గోడలు పూర్తి కాకముందే యూటాలో మరో మూడు దేవాలయాలు కట్టి ముగించారు: 1877లో సెయింట్ జార్జ్, 1884లో లోగన్, 1888లో మాంటై. సెయింట్ జార్జ్ పాత పద్ధతిలోనే లేచి, సంస్కారాలకు లోపల అడ్డుగోడలు పెట్టుకోవలసి వచ్చింది. లోగన్‌లో మాత్రం ఎండోమెంట్ ప్రయాణానికి తగ్గట్టు వరుస గదులను ముందే పటంలో పెట్టారు. ఆ సౌకర్యం రుచి చూశాక సాల్ట్ లేక్‌లో రెండు ఖాళీ మండపాలు ఎవరికి కావాలి? ఏంజెల్ తరువాత పని చేపట్టిన జోసెఫ్ డాన్ కార్లోస్ యంగ్, బ్రిగమ్ యంగ్ కుమారుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలార్ విద్యాలయంలో ఇంజినీరింగు చదివినవాడు. ఆయన చేతిలో లోపలి పటం మారింది. పై సభామండపం ఒక్కటి నిలిచింది, రెండు కొసలా వేదికలతో సహా, కర్ట్‌లాండ్‌కు గుర్తుగా. కింది మండపం పోయి గదులు వచ్చాయి. గోడలు అప్పటికే నిలబడి ఉన్నాయి గనుక కిటికీలను మార్చలేరు. అలా బయటి గోడ 1850ల నాటి దేవాలయాన్ని చెబుతుంది, లోపలి గదులు 1890ల నాటి దేవాలయాన్ని చెబుతాయి. నా లెక్క తప్పడానికి కారణం ఇది: ఎన్నడూ కట్టని గదుల కిటికీలను నేను లెక్కపెట్టాను.

ఆ గదుల వరుస ఇలా ఉండేది. నేలమాళిగలో ఎడ్ల మీద బాప్తిస్మపు తొట్టి. తరువాత సృష్టి గది. అక్కడినుంచి ఏదెను తోట గది, గోడల నిండా చెట్లూ జంతువులూ శాంతంగా ఉన్న కుడ్యచిత్రాలతో. తరువాత లోకపు గది, అక్కడి చిత్రాలలో బండలు, ఎండిన చెట్లు, పోట్లాడుకునే మృగాలు. ఆ పైన టెరస్ట్రియల్ గది, అంటే పరలోకపు నడిమి అంతస్తుకు గుర్తు; దాని చివర ఒక తెర, తెర దాటితే సిలెస్టియల్ గది, అంటే అన్నిటికన్నా పై అంతస్తుకు గుర్తు. ఒక్కో గదికీ వెలుతురు పెరుగుతుంది, కొన్ని చోట్ల మెట్లు ఎక్కి పైకి పోతారు. చివరి గదిలో తంతు ఏమీ లేదు. మెత్తని ఆసనాలు, ఎత్తైన కప్పు, మౌనం. దంపతులను ఈ జన్మకే కాక శాశ్వతంగా జత కలిపే ముడి గదులు వేరుగా ఉన్నాయి. మన పెళ్ళిళ్ళలో ఏడు జన్మల బంధం అని మాటగా అనుకుంటాం. వాళ్ళకు అది ఒక గది, ఒక బల్ల, ఎదురెదురుగా అమర్చిన అద్దాలలో అంతం లేకుండా సాగే ప్రతిబింబం.

1880లలో సంఘం రాజకీయంగా ఉక్కిరిబిక్కిరి అయింది. 1887 నాటి ఎడ్మండ్స్-టక్కర్ చట్టం సంఘాన్ని రద్దుచేసి, 50,000 డాలర్లకు మించిన ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. బహుభార్యాత్వం కొనసాగించి దేవాలయాలు పోగొట్టుకోవడమా, దాన్ని మాని వాటిని నిలుపుకోవడమా అన్నదే ప్రశ్న అని సంఘాధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ తరువాత వివరించారు. 1890లో మానుతున్నట్టు ప్రకటన వెలువడింది.

అదే 1890లో జాన్ హేఫెన్, లోరస్ ప్రాట్, జాన్ ఫెయిర్‌బ్యాంక్స్, ఎడ్విన్ ఎవన్స్ మొదలైన చిత్రకారులను సంఘం తన ఖర్చుతో పారిస్‌లోని అకాడెమీ జూలియన్‌కు చిత్రకళ నేర్చుకోవడానికి పంపింది. మతబోధకులను విదేశాలకు పంపే సంఘం ఈసారి కుంచెలు పట్టుకున్న వాళ్ళను పంపింది. గదుల గోడల మీద ఏదెను తోట గీయడానికే ఆ చదువు. 1892 ఏప్రిల్ 6న శిఖర శిల పెట్టారు. వుడ్రఫ్ మీట నొక్కితే విద్యుత్తుతో ఆ రాయి దిగి తన చోట కూర్చుంది. నలభై వేల మంది గుమిగూడారని అంచనా. ఎడ్లబండితో మొదలైన పని కరెంటు మీటతో ముగిసింది. అదే రోజు పన్నెండున్నర అడుగుల రాగి దేవదూత విగ్రహాన్ని, బంగారు రేకు పూతతో, నిలిపారు. చేసినవాడు సైరస్ డాలిన్. యూటాలో పుట్టిన శిల్పి, ఆ సంఘ సభ్యుడు కాడు. దేవదూతలను నమ్మనివాణ్ణి నాకెందుకని మొదట ఒప్పుకోలేదనీ, తల్లి చెప్పి ఒప్పించిందనీ అంటారు. అక్కడికక్కడే ఏడాదిలో లోపలి పని పూర్తి చేస్తామని జనం చేతులెత్తి తీర్మానించారు. నలభై ఏళ్ళ పనికి ఏడాది గడువు! డాన్ కార్లోస్ యంగ్ నిద్ర ఎన్నాళ్ళు పోయాడో ఊహించుకోవచ్చు. సరిగ్గా 1893 ఏప్రిల్ 6న ప్రతిష్ఠ జరిగింది. ముందురోజు సాయంత్రం సభ్యులు కానివారిని కొన్ని వందల మందిని పిలిచి లోపలంతా చూపించారు. ప్రతిష్ఠకు ముందు ఎవరైనా చూడవచ్చు, తరువాత కుదరదన్న పద్ధతి నేటికీ ప్రతి కొత్త దేవాలయానికీ పాటిస్తున్నారు. 1911లో ఎవరో దొంగతనంగా లోపలి ఫొటోలు తీస్తే, సంఘం దాన్ని మరుసటి ఏడు తానే మంచి ఫొటోలు అచ్చువేసి బయటపెట్టి తిప్పికొట్టింది. నాలాంటివాళ్ళ చదువుకు ఆ ఫొటోలే ఆధారం.

ఇరవయ్యో శతాబ్దంలో దేవాలయపు రూపును మార్చినది మత సిద్ధాంతం కాదు, భాష. సంస్కారం అంతవరకు నటులతో సజీవంగా జరిగేది. గది నుంచి గదికి నడిచేవారు. యూరప్‌లో దేవాలయం కట్టాలనుకున్నప్పుడు, ఒకే కట్టడానికి వచ్చేవారు అరడజను భాషలవాళ్ళు. ప్రతి భాషకూ నటుల జట్టు ఎక్కడ దొరుకుతుంది? చలనచిత్రంగా తీసి, ఒకే గదిలో కూర్చోబెట్టి, భాష మార్చి చూపిస్తే సరిపోతుందని తేల్చారు. 1955లో స్విట్జర్లాండ్ దేవాలయం ఆ పద్ధతిలో మొదలైంది. అప్పటినుంచి కట్టిన వాటిలో చాలా భాగం చిన్నవి, ఒకే గదిలో తంతు జరిగేవి. పాత కొండంత దేవాలయాలలో మాత్రం నడక మిగిలింది, సాల్ట్ లేక్‌లోనూ.

2019 డిసెంబరు 29న దాన్ని మరమ్మతు కోసం మూశారు. ముఖ్య కారణం భూకంపం. ఆ ఊరు వాసాచ్ భ్రంశరేఖ మీద ఉంది; ఉక్కు లేని రాతిగోడ బరువును మోస్తుంది గానీ పక్కకు ఊపితే ఓర్చుకోలేదు. పని మొదలైన మూడు నెలలకే, 2020 మార్చి 18న, 5.7 తీవ్రత గల భూకంపం వచ్చి శిఖరం మీది దేవదూత చేతిలోని బూర ఊడి పడింది. పునాది కిందుగా పాత గోడను ఆపి ఉంచుతూనే తవ్వి, కాంక్రీటు దూలాలు జొప్పించి, 98 బేస్ ఐసొలేటర్ల మీద కట్టడం మొత్తాన్ని కూర్చోబెట్టే పని అది. నేల కదిలితే ఆ ఐసొలేటర్లు కదలికను తామే మింగి, పైనున్న గోడలకు కొద్దిగానే అందిస్తాయి. శిఖరాల నుంచి పునాది దాకా గోడల గుండా నిలువు రంధ్రాలు చేసి ఉక్కు తీగలు బిగించారు. వెయ్యేళ్ళు నిలవాలన్న బ్రిగమ్ యంగ్ కోరికకు ఇంతకన్నా నమ్మకమైన సమాధానం ఆయన కాలంలో సాధ్యం కాదు. వృత్తిరీత్యా దీన్ని నేను మెచ్చుకుంటాను.

మెచ్చుకోలేనిది మరొకటి ఉంది. 2021 మార్చిలో సంఘం చెప్పినదేమంటే, ఇకమీదట అక్కడ కూడా సంస్కారం చలనచిత్రంతోనే, ఒకే గదిలో, 80కి పైగా భాషల్లో జరుగుతుందనీ, పాత కుడ్యచిత్రాలు ఉండవనీ. ఫొటోలు తీసి వివరాలు భద్రపరిచారు, కొన్ని భాగాలను దాచారు. బొమ్మలున్న లోపలి గోడలు మాత్రం పోయాయి. పారిస్ వెళ్ళి నేర్చుకొని వచ్చి గీసిన ఏదెను తోట పోయింది. సభ్యులలోనే చాలామంది బాధపడ్డారు, కళాచరిత్రకారులు నిరసించారు. మాంటైలో మినర్వా టైకర్ట్ గీసిన లోకపు గది చిత్రాలనూ తీసేస్తామని మొదట అన్నా, ఆ నిరసన తరువాత అక్కడ వాటిని ఉంచడానికి ఒప్పుకున్నారు. మరోవైపు వాదన కూడా వినాలి: ఇంగ్లిషు రాని సభ్యుడికి తన భాషలో సంస్కారం అందడం చిన్న విషయం కాదు, వారికి అది కళకన్నా పెద్దది. అయినా ఒక గదినైనా ఉన్నది ఉన్నట్టు ఉంచివుండవలసిందని నా అభిప్రాయం. అప్పట్లో పటం నుంచి కింది మండపాన్ని తీసేసినవాళ్ళు పైదాన్ని నిలిపారు కదా.

ఇందులో మన తెలుగువాళ్ళకు సంబంధించిన కథ ఒకటి ఉంది. సమోవా దీవుల్లో ఉండగా ఈ సంఘంలో చేరిన హైదరాబాదు దంపతులు 1978లో ఊరికి వచ్చి తమ బంధువులకు బోధించడంతో ఇక్కడ చిన్న సమూహం ఏర్పడింది. భారతదేశంలో వాళ్ళ మొట్టమొదటి స్టేక్, అంటే మన జిల్లాలాంటి పాలనా విభాగం, 2012లో హైదరాబాదులోనే వచ్చింది. విశాఖపట్నంలోనూ రాజమహేంద్రవరంలోనూ సభ్యులున్నారు. దేవాలయ సంస్కారం కోసం మాత్రం వాళ్ళు విమానమెక్కి హాంకాంగ్ దాకా పోవలసి వచ్చేది. కూలి డబ్బులు కూడబెట్టి జీవితంలో ఒకసారి వెళ్ళినవాళ్ళ సంగతి ఆలోచించండి. బెంగళూరులో దేశపు మొదటి దేవాలయాన్ని కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరు 2న పని ప్రారంభించారు. తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లిషు మాట్లాడేవారు ఒకే కట్టడానికి వచ్చే చోట 1955 నాటి స్విట్జర్లాండ్ లెక్కే మళ్ళీ పనికొస్తుంది.

సాల్ట్ లేక్‌లో పని ముగిశాక, తిరిగి ప్రతిష్ఠ చేసే ముందు, 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు అందరినీ లోపలికి అనుమతిస్తామని సంఘం చెప్పింది. ఒంట్లో ఓపిక ఉంటే వెళ్ళాలనుకుంటున్నాను. ఆ అండాకారపు కిటికీల వెలుతురు ఇప్పుడు ఏ గదిలో పడుతోందో లోపలి నుంచి ఒకసారి చూసి రావాలి.